వన్ టౌన్ (విశాఖపట్నం): జంటల కోసం రెండు రోజుల సంస్కృతి, రుచుల విహారం

వన్ టౌన్ విశాఖపట్నంలోని పాత ఊరు. ఓడరేవు ప్రవేశ కాలువకూ ఫిషింగ్ హార్బరుకూ కూతవేటు దూరంలో, ఇరుకు వీధుల మధ్య ఉంది. కోట వీధి, సోల్జర్‌పేట, బురుజుపేట, చెంగల్రావుపేట, వెలంపేట, కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు, టౌన్ కొత్త రోడ్డు ఇక్కడి ముఖ్యమైన పేటలూ కూడళ్ళూ. నగరం వాల్తేరు, ఎంవీపీ కాలనీ, మధురవాడల మీదుగా భీమిలి వైపు సాగిపోయాక పర్యాటకుల చూపు కూడా అటే మళ్ళింది. విశాఖ వచ్చే జంటల్లో ఎక్కువమంది ఆర్కే బీచి, కైలాసగిరి చూసి, తెల్లవారుజామున లేచి అరకు రైలెక్కి, అలసిపోయి ఇంటికి చేరతారు. అరకు సుమారు 115 కిలోమీటర్ల దూరం. దానికి విడిగా ఒక ప్రయాణం పెట్టుకోవాలి. తిండి మీద, చరిత్ర మీద ఇష్టమున్న ఇద్దరికి చేతిలో రెండు పగళ్ళూ ఒక రాత్రీ మాత్రమే ఉంటే, కాలినడకన తిరగగలిగే వన్ టౌనే సరైన చోటు. మూడు మతాల గుర్తులు, మూడున్నర శతాబ్దాల రేవు చరిత్ర, ఉత్తరాంధ్ర వంట అన్నీ ఇక్కడ ఒకే నడకలో తగులుతాయి.

ఈ విహారానికి ప్రణాళిక వేసేటప్పుడు చోట్ల జాబితా కంటే వేళల పట్టిక ముఖ్యం. హార్బరులో చేపల వేలం తెల్లవారుజామునే జరుగుతుంది. కురుపాం మార్కెట్ పొద్దెక్కాక సందడిగా ఉంటుంది. కొండలెక్కడానికి ఎండ తగ్గాక, సాయంత్రం నాలుగు దాటితే బాగుంటుంది. ఈ వేళలు తప్పితే అదే చోటికి వెళ్ళినా అసలు సంగతి కళ్ళబడదు.

ఊరి చరిత్ర

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. 1689లో ఔరంగజేబు సేనలు దాన్ని పట్టుకున్నాయి. తర్వాత కంపెనీ మళ్ళీ నిలదొక్కుకుని కోట కట్టుకుంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఊరిని స్వాధీనం చేసుకున్నా అది ఎక్కువ కాలం నిలవలేదు. 1780 అక్టోబరు 3న ఇక్కడి సిపాయిలు ఓడెక్కబోమని తిరగబడ్డారు. హైదర్ అలీ మీద యుద్ధానికి వాళ్ళను సముద్ర మార్గాన మద్రాసు పంపాలని కంపెనీ తలపెట్టడమే అందుకు కారణం. 1857 తిరుగుబాటుకు 77 ఏళ్ళ ముందు జరిగిన ఈ ఘటనను పాఠ్యపుస్తకాలు ఇంకా తగినంతగా పట్టించుకోలేదు. 1804 సెప్టెంబరు 15న ఈ ఊరి ఎదుట సముద్రంలోనే ఫ్రెంచి నౌకాదళానికీ బ్రిటిషు యుద్ధనౌక సెంచూరియన్‌కూ పోరు జరిగింది.

కోట ఇప్పుడు లేదు. కోట వీధి, బురుజుపేట, ఒకప్పుడు సిపాయిలూ సైనికోద్యోగులూ కాపురమున్న సోల్జర్‌పేట మాత్రం మిగిలాయి. ఊరి రూపు మార్చింది ఓడరేవు. బెంగాల్ నాగపూర్ రైల్వే చేపట్టిన నిర్మాణంలో రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి, కెరటాలకు అడ్డుకట్టగా వేశారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ప్రయాణికుల ఓడ రేవులోకి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు నగరంపై బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన ఒక బాంబు బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. స్వతంత్రం వచ్చాక నౌకా నిర్మాణ కేంద్రం పెరిగింది. 1966 ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం తర్వాత ఉక్కు కర్మాగారమూ వచ్చింది. వీటి ఉద్యోగుల కాలనీలు ఊరికి దూరంగా వెలిశాయి. వన్ టౌన్ వ్యాపారులది, చేపల వేటగాళ్ళది, రేవు కూలీలది అయింది. బొగ్గు, ఇనుప ఖనిజం ఎగుమతి దిగుమతుల దుమ్ము ఇక్కడి ఇళ్ళ గోడల మీద పడుతుంది. దానిపై ఇక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. ఆస్తమా ఉన్నవాళ్ళు మాస్కు వెంట తెచ్చుకోవడం మంచిది.

ఏ కాలంలో రావాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా నడవవచ్చు. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఈ నగరం దగ్గరే తీరం దాటింది. మే నెలలో ఉక్కపోత ఎక్కువ.

చేపల కోసం వచ్చే జంట మరొకటి గుర్తుంచుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. గుడ్లు పెట్టే కాలంలో చేపను వదిలేయడానికి పెట్టిన నియమం ఇది. ఆ రోజుల్లో పెద్ద బోట్లన్నీ లంగరు వేసి ఉంటాయి, వేలంపాట మూగబోతుంది, హోటళ్ళలో చెరువు చేప, పెంపకపు రొయ్యలే ఎక్కువగా దొరుకుతాయి.

పండుగలను బట్టి రావాలనుకుంటే బురుజుపేట అమ్మవారి గుడిలో మార్గశిర మాసపు గురువారాలు, ఆషాఢంలో జగన్నాథ రథయాత్ర, డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం బాగుంటాయి. ఈ రోజుల్లో గదులు ముందే నిండిపోతాయి.

హార్బరు ఉదయం

ఫిషింగ్ హార్బరుకు అయిదున్నరకల్లా చేరాలి. రాత్రంతా, కొన్నిసార్లు పది పదిహేను రోజులు కడలిలో ఉండి వచ్చిన బోట్ల నుంచి ట్రేలు దించుతుంటారు. మంచు మిల్లు నుంచి వచ్చిన దిమ్మలను పొడి కొడుతుంటారు. వేలంపాట పాడే మనిషి ఒక్కో పోగు దగ్గర నిలబడి ధర పెంచుతూ పోతాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తల ఊపి ఒప్పుకున్నదీ, వేలు చూపించి పెంచిందీ కొత్తవాళ్ళకు అంతుపట్టదు. పాట ముగిశాక చేప వాళ్ళ బేసిన్లలోకి చేరి, అక్కడి నుంచి నగరంలోని బజార్లకు వెళ్తుంది. ఈ వ్యాపారాన్ని నడిపేది ప్రధానంగా మత్స్యకార స్త్రీలే. జంటలో ఎవరికైనా వంట మీద ఆసక్తి ఉంటే రెండు రోజుల్లో ఇంతకంటే పెద్ద పాఠం మరొకటి దొరకదు.

వంజరం, చందువ, కానాగంతలు, నెత్తళ్ళు, సొర, పీతలు, రొయ్యలు ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. చేప తాజాదో కాదో చూడడానికి అమ్మేవాళ్ళే ముందుగా మొప్ప ఎత్తి చూపిస్తారు. మొప్ప ఎర్రగా, కన్ను ఉబ్బుగా, తేటగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. కొనే ఉద్దేశం లేకపోతే దారికి అడ్డం పడకుండా నిలబడి చూడాలి. ఇది వాళ్ళ పని వేళ. మనుషుల ముఖాలు ఫోటో తీసేముందు అడగాలి. ఓడరేవు గేట్లనూ నౌకాదళ ప్రాంతాలనూ ఫోటో తీయకూడదు. నేలంతా తడి, చేప నీళ్ళు. చీర అంచులు, ప్యాంటు అంచులు పైకి మడవాలి, జారని చెప్పులు వేసుకోవాలి.

2023 నవంబరు 19 రాత్రి ఇక్కడ చెలరేగిన మంటల్లో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఆ నష్టం నుంచి కోలుకుంటూనే మళ్ళీ వేటకు వెళ్ళిన కుటుంబాల జీవనాధారం ఇది. ఇక్కడ అడుగుపెట్టిన అతిథికి ఆ గౌరవం మనసులో ఉండాలి.

మూడు కొండలు

ప్రవేశ కాలువ ఒడ్డున పక్కపక్కనే మూడు చిన్న కొండలున్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై మరియమాత చర్చి, ఒకదానిపై ఇస్‌హాక్ మదీనా వలీ దర్గా. కాలువకు అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. చర్చి ఉన్న కొండను రాస్ హిల్ అంటారు. రాస్ అనే ఆయన 1864లో దానిపై ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత ఆ ఇల్లే ప్రార్థనాలయమైంది. వేంకటేశ్వరాలయాన్ని బ్లాక్‌మూర్ అనే ఐరోపా కెప్టెన్ 1866లో కట్టించాడని చెప్పుకుంటారు.

దర్గా కథ వీటన్నిటికంటే ఆసక్తికరం. బంగాళాఖాతపు గాలీ వానా ఈ వలీ చెప్పుచేతల్లో ఉంటాయని నావికుల నమ్మకం. ప్రయాణం క్షేమంగా ముగించిన హిందూ ఓడల యజమానులు వెండితో చేసిన చిన్న పడవలను ఇక్కడ సమర్పించేవారని 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు చెబుతుంది. ఈ రోజుకీ అన్ని మతాలవాళ్ళూ వస్తారు. తల మీద రుమాలో, చీర కొంగో కప్పుకుని లోపలికి వెళ్ళాలి.

మూడూ ఒకే సాయంత్రంలో చూడవచ్చు. వయసు మళ్ళిన జంటలు ఒక కొండతో సరిపెట్టుకున్నా తప్పులేదు. అలాంటప్పుడు రాస్ హిల్ ఎక్కితే చాలు. కింద కాలువలో టగ్గులు లాగుకుపోయే ఓడ, వెనక డాల్ఫిన్స్ నోస్, ఇటు పెంకుటిళ్ళ కప్పులు అన్నీ ఒక్కచోటి నుంచే కనిపిస్తాయి. ఏ వేళకు ఓడ వస్తుందో ముందుగా తెలియదు, కనుక అరగంట కూర్చునే తీరిక పెట్టుకోవాలి.

బురుజుపేట అమ్మవారు

శ్రీ కనకమహాలక్ష్మి ఆలయం విశాఖవాసులకు ఇలవేల్పు గుడి వంటిది. 1912లో ఇక్కడి బావిలో అమ్మవారి విగ్రహం దొరికిందని ఆలయ కథనం. 1917లో రోడ్డు వెడల్పు చేయడానికి విగ్రహాన్ని పక్కకు జరిపారు. అదే సమయంలో ఊరిలో మహమ్మారి వ్యాధి ప్రబలితే, అమ్మవారిని కదిలించడం వల్లే అని జనం భావించి మళ్ళీ యథాస్థానంలో నిలిపారు. అమ్మవారి ఎడమ చేయి మోచేతి కింద ఉండదు. గర్భగుడికి పైకప్పు లేదు. ఎండా వానా అమ్మవారి మీదే పడతాయి. భక్తులు స్వయంగా దగ్గరకు వెళ్ళి పాలు, పసుపు, కుంకుమతో అర్చించుకోవచ్చు. కులం, హోదా అడగని ఈ ఏర్పాటే ఈ గుడి గొప్పతనమని చెప్పాలి. పురిటి బిడ్డలను తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టడం ఇక్కడి ఆచారం.

మార్గశిర గురువారాల్లో తెల్లవారకముందే క్యూలు వీధులు దాటుతాయి. పూజ కోసం వచ్చేవారికి ఆ రోజులు మంచివి. ప్రశాంతంగా చూడాలనుకునే జంట మరో వారంలో మధ్యాహ్నం వేళ వస్తే మేలు.

టౌన్ కొత్త రోడ్డు దగ్గర జగన్నాథస్వామి ఆలయం ఉంది. ఒడిశా ఇక్కడికి ఎంత దగ్గరో ఈ గుడి చెబుతుంది. ఆషాఢంలో స్వామి రథంపై టర్నర్ సత్రానికి తరలివెళ్తాడు. అక్కడ రోజుకొక అవతారంలో అలంకరిస్తారు.

వీధులు, కట్టడాలు, మనుషులు

కురుపాం మార్కెట్‌ను కురుపాం జమీందారులు కట్టించారు. పసుపు, కుంకుమ, పూలదండలు, ఇత్తడి సామాను, కిరాణా, వెండి బంగారు దుకాణాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పది గంటల తర్వాత వెళ్తే దుకాణాలన్నీ తెరిచి ఉంటాయి. అక్కడి నుంచి కోట వీధిలో టౌన్ హాల్‌కు నడవవచ్చు. బొబ్బిలి రాజుల విరాళంతో కట్టిన ఈ రాతి భవనం గత శతాబ్దం మొదట్లో సభలకూ నాటకాలకూ వేదిక. సెయింట్ జాన్స్ చర్చిని 1840లలో కట్టించినది ఆర్థర్ కాటన్. గోదావరి ఆనకట్ట కట్టకముందు ఆయన ఇక్కడ పనిచేశాడు, ఊరిని సముద్రం కోసేయకుండా కట్టలు వేయించాడు.

సోల్జర్‌పేట వైపున 1847 నాటి సెయింట్ అలోషియస్ పాఠశాల ఉంది. సర్ సి.వి. రామన్ తండ్రి 1892లో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అధ్యాపకుడుగా కుటుంబంతో విశాఖ వచ్చారు. రామన్ ఈ బడిలోనే చదివి 11 ఏళ్ళకే మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. అదే ఏ.వి.ఎన్. కళాశాలతో శ్రీశ్రీకీ అనుబంధముంది. 1910లో విశాఖలోనే పుట్టిన ఆయన తొలి పుస్తకం ‘ప్రభవ’ను 1928లో ఇక్కడి కవితా సమితి అచ్చు వేసింది. ఈ ఊరి కోర్టులు, సారా బట్టీలు, పోలీసులు, పేదలు వచనంలో కనబడేది రాచకొండ విశ్వనాథశాస్త్రి దగ్గర. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వకీలుగా స్థిరపడ్డ ఆయన ‘ఆరు సారా కథలు’ ప్రయాణంలో చదువుకుంటూ వస్తే వీధులు వేరుగా కనిపిస్తాయి. సినిమా ఇష్టమున్న జంట రాకముందు బాలచందర్ ‘మరో చరిత్ర’ (1978) చూడవచ్చు. ఆనాటి విశాఖ, భీమిలి తీరం అందులో ఉన్నాయి.

ఈ ఊరిని ఐరోపా ఇళ్ళలోకి చేర్చిన ఒక విద్య ఇప్పుడు దాదాపు కనబడదు. 18వ శతాబ్దిలో ఇక్కడి కంసాలులు రోజ్‌వుడ్ కర్రలో ఏనుగు దంతం పొదిగి బీరువాలు, కుర్చీలు, పెట్టెలు చేసేవారు. 1756లో ఇక్కడికి వచ్చిన మేజర్ జాన్ కార్నీల్ ఈ పనిని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ సామాను ఉంది. అది పుట్టిన ఊళ్ళో దానికి ఒక మంచి ప్రదర్శనశాల ఉండాలి. ఇప్పటి కొనుగోలుకు ఏటికొప్పాక లక్కబొమ్మలు తగినవి. అంకుడు కర్రపై ప్రకృతి రంగులు కలిపిన లక్కతో చేసే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లేపాక్షి దుకాణంలో దొరుకుతాయి.

ఆర్కే బీచికి ఒక సాయంత్రం చాలు. 1969లో నౌకాదళంలో చేరి, 2002లో మ్యూజియంగా ఒడ్డుకెక్కిన జలాంతర్గామి కురుసుర ఇక్కడే ఉంది. సోమవారం సాధారణంగా సెలవు. లోపల దారి బాగా ఇరుకు.

తిండి

ఉత్తరాంధ్ర వంటకు కోస్తా కారం ఉంది కానీ, దానితోపాటు ఆవ, బెల్లం, చింతపండు కూడా గట్టిగా వినిపిస్తాయి. అనకాపల్లి బెల్లం బజారు పక్కనే ఉండడం వల్ల పులుసుల్లో చిటికెడు తీపి సహజం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం శాకాహారులకు ఇక్కడ దొరికే ఉత్తమమైన భోజనం. జంటలో ఒకరు శాకాహారి అయితే ఇబ్బందేమీ లేదు. పాత పద్ధతి భోజన హోటళ్ళు జగదాంబ, సూర్యాబాగ్ ప్రాంతాల్లో నడిచే దూరంలోనే ఉన్నాయి. రాగులను ఇక్కడ చోళ్ళు అంటారు. పొద్దున్నే బండి మీద గ్లాసుతో ఇచ్చే చోడి అంబలి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగితే పన్నెండు దాకా ఆకలి వేయదు. హార్బరు నుంచి వచ్చాక ఇడ్లీ కారప్పొడి, పూరీ, అల్లం పచ్చడితో పెసరట్టు ఎటూ ఉంటాయి.

చేపల పులుసే ఇక్కడి అసలు పరీక్ష. చింతపండు పులుసు మరిగాక ముక్కలు వేస్తారు. ఆ తర్వాత గరిటె పెట్టరు. ముక్క విరగకుండా గిన్నెను రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. నూనె పైకి తేలాక దించి, కనీసం కొన్ని గంటలు వదిలేస్తారు. నిన్నటి పులుసు ఉందా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు, తెలిసినవాళ్ళంతా అదే అడుగుతారు. నెత్తళ్ళ వేపుడు, రొయ్యల ఇగురు, పీతల పులుసు, సొరపుట్టు మిగతావి. పెద్ద హోటల్లో వంజరం ముక్కకు ఖరీదు ఎక్కువ. నెత్తళ్ళు చవక, రుచిలో ఏమీ తీసిపోవు. పీత తినేటప్పుడు చేతులు, మోచేతులు, చొక్కా అన్నీ పాడవుతాయి. కొత్తగా పెళ్ళయి, ఒకరి ముందొకరు ఇంకా సర్దుకుని కూర్చునే జంటకు అంతకంటే మంచి భోజనం లేదు. ఎక్కడ తినాలో తేల్చుకోవడానికి మధ్యాహ్నం రేవు కూలీలు, దుకాణదారులు బారులు తీరే మెస్సులను గమనించాలి. ఒంటి గంట దాటితే మంచి ముక్కలు అయిపోతాయి.

సాయంత్రపు తిండి వీధిదే. మూరీ మిక్చర్ ఈ నగరపు ముద్ర. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, కారం, వేరుశనగలు, నిమ్మరసం కలిపి కాగితపు పొట్లంలో ఇస్తారు. టమాటా బజ్జీని మధ్యకు చీల్చి, లోపల ఉల్లిపాయ, కారప్పూస కూరి, నిమ్మకాయ పిండుతారు. రెంటినీ ఒక్కొక్కటి తీసుకుని పంచుకోవడమే మంచిది, లేకపోతే రాత్రి భోజనానికి చోటుండదు. రంజాన్ నెలలో దర్గా చుట్టుపక్కల హలీం, కబాబుల వాసన అర్ధరాత్రి దాకా ఉంటుంది.

తీపిలో మాడుగుల హల్వాను దాటినది లేదు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పులియనిచ్చి, పంచదార పాకం, నెయ్యి పోసి గంటల తరబడి కాచి, రోట్లో దంచుతారు. పైన జీడిపప్పు, బాదం. నగరంలో ఎన్నో దుకాణాల్లో ఆ పేరుతో అమ్ముతారు. కొనేముందు ఒక ముక్క అడిగి చూడాలి. వేళ్ళకు నెయ్యి అంటాలి, పళ్ళకు అతుక్కోకూడదు.

రెండు రోజుల క్రమం

మొదటి రోజు మధ్యాహ్నానికి చేరుకుని, భోజనం చేసి, గదిలో పడుకుని, నాలుగింటికి కొండలు, చీకటి పడ్డాక టీ, వీధి తిండి. రెండో రోజు హార్బరు, ఫలహారం, స్నానం, అమ్మవారి గుడి, కురుపాం మార్కెట్, కోట వీధి, మెస్సు భోజనం, సాయంత్రం బీచి లేదా తిరుగు రైలు. ఇంకో పూట మిగిలితే సింహాచలం వెళ్ళాలి. వైశాఖ శుద్ధ తదియనాటి చందనోత్సవం రోజు మాత్రం విహారానికి కాదు, భక్తికే. డచ్చివారి సమాధులున్న భీమిలి, బౌద్ధారామాలున్న తొట్లకొండ, బావికొండ మరో ప్రయాణానికి ఉంచుకోవచ్చు.

బస, రాకపోకలు

రైల్వే స్టేషన్ నుంచి వన్ టౌన్ రెండు మూడు కిలోమీటర్లే. ఆటో ఎక్కేముందే కిరాయి మాట్లాడుకోవాలి. వన్ టౌన్ లోపల మంచి హోటళ్ళు తక్కువ. జగదాంబ, డాబా గార్డెన్స్ దగ్గర దిగితే బాగుంటుంది, కొండలకూ బీచికీ సమదూరం. గది తీసుకునేటప్పుడు ఇద్దరి గుర్తింపు కార్డులూ అడుగుతారు. పెళ్ళి కాని జంటలకు కొన్ని లాడ్జీలు గది ఇవ్వవు. డబ్బు కట్టేముందే ఫోన్ చేసి అడిగితే రాత్రివేళ వీధిలో నిలబడే అవస్థ తప్పుతుంది. వీధి దుకాణాల్లో ఫోన్‌తో చెల్లింపు దాదాపు అంతటా నడుస్తుంది. హార్బరులోనూ గుళ్ళలోనూ చిల్లర అవసరం.

తిరుగు ప్రయాణంలో ఎండుచేపలు కొనేవాళ్ళు బాగా ఎండినవే చూసి తీసుకుని, రెండు పొరల కవరులో కట్టి, దానిని మూతగల డబ్బాలో పెట్టాలి. లేకపోతే బోగీలో తోటివారు ఊరుకోరు. హల్వాకు ఆ ఇబ్బంది లేదు, నెయ్యి మరకలు పడకుండా బట్టల సంచిలో కాక విడిగా పెట్టుకుంటే సరిపోతుంది.